బావ ఎడమకన్ను

మా బావ సచ్చిపోయి మూడు నెలలు దాటింది. ఏడుపు ఎప్పుడో ఆగింది. కోపమే ఆగుతలేదు.

నిన్న మా దుకాణానికి డోంగ్లి దిక్కుకెల్లి ఒకామె వచ్చింది. మాది బాన్సువాడ బస్టాండుకు దగ్గరనే మ్యాచింగ్ సెంటర్. జాకెట్ ముక్కలు, ఫాల్సు, లంగాలు, అస్తర్లు. ఆమె చీర కొంగు నా ముంగట పరిచి, నీలం ముక్కలు రెండు చేతుల పట్టుకొని, దర్వాజ కాడికి పోయి, ఎండల పెట్టి, ఒక కన్ను మూసి సూసింది. మల్ల ఆ కన్ను తెరిచి ఇంకో కన్ను మూసింది. నాకు ఎక్కడలేని తిక్క లేసింది. "రెండు కండ్లతోని సూడమ్మా! రెండూ మంచిగనే ఉన్నయి గదా నీకు!" అన్న. గట్టిగనే అన్న. ఆమె మరాఠీల ఏందో గొణుక్కుంట ముక్కలు ఆడ పడేసి పోయింది. గల్లా మీద కూసున్న మా ఆయన నా దిక్కు సూసి, "ఆమె ఏం జేసింది పాపం? నీ కోపం మీ బావ మీద గదా" అన్నడు.

అవును, బావ మీదనే. ఉంటది మరి. ఎందుకుంటదో చెప్త, మీరే అనున్రి.

మా బావ అంటే మా అక్క పెనిమిటి. గల్ఫ్‌ల టీవీలు బాగుజేసే దుకాణంల చాన ఏండ్లు పనిజేసిండు. అక్కడికెల్లి వచ్చేటోళ్ళు బంగారం తెచ్చిన్రు, కంబళ్ళు తెచ్చిన్రు, సెంటు సీసాలు తెచ్చిన్రు. మా బావ మూడు పాత కంప్యూటర్లు తెచ్చిండు. ఇప్పటోళ్ళు అనుకునే కంప్యూటర్లు గావు. అప్పట్ల ఇండ్లల్ల పెట్టుకునేటియి, కీబోర్డే కంప్యూటర్. దాని తీగ ఒకటి టీవీకి పెట్టాలె, ఇంకోటి టేప్ రికార్డర్‌కు పెట్టాలె, క్యాసెట్ తిప్పాలె. ఆ క్యాసెట్ల పాట ఉండదు, ఆట ఉంటది. చెవులు పలిగేటట్టు కీచుమని అరుస్తది. చాయ్ పెట్టుకొని తాగి గిలాసలు కడిగొచ్చేదాంక అరిచి, అప్పుడు టీవీ మీద బొమ్మ వస్తది. నడుమ కరెంటు పోయిందా, మల్ల మొదటికెల్లి. బాగుచేయనీకి ఇచ్చినోళ్ళు ఆ దేశం ఇడిసిపెట్టి పోయి మల్ల రాలేదంట. పారెయ్యమని సేటు చెప్తే ఈయన సూట్‌కేసుల సర్దుకొని వచ్చిండు.

వాటి మీద కంపెనీ పేర్లున్నయి గని మా ఇంట్ల ఎవ్వరికి నోరు తిరుగకపోవు. కీలు మెత్తగ ఉండేది రబ్బరుది. మట్టి రంగుల వీపు ఉబ్బి ఉండేది లావుది. కీల మీద అరబ్బీ అచ్చరాలు ఉండేది అరబ్బీది. మూడిటికి మూడు క్యాసెట్లు, మూడు క్యాసెట్లల్ల ఒక్కటే ఆట. టోపీ పెట్టుకున్న ఒక మనిషి, ఒక పాత కోట, నిచ్చెనలు, గబ్బిలాలు, తాళంచెవులు. తాళంచెవులు అన్ని ఏరుకొని ఆఖరి తలుపు తియ్యాలె. గంతే. ఒక్కటే ఆట అన్ననా? ఈ మాట బావ ఇంటే ఇంట్లకు రానియ్యకపోవు.

"ఒక్కటే ఎట్లయితది? ఫరక్ సూడు!"

గదీ ఆయన మాట, ఫరక్ అంటే తేడా. లేస్తే ఫరక్, కూసుంటే ఫరక్. మనం అందరం రోజుకు ఎన్నిసార్లంటమో, 'ఏం ఫరక్ పడ్తది తియ్యి' అని. బస్సు లేటొచ్చినా అంటం, కూరల ఉప్పు తక్కువైనా అంటం. ఆ మాట ఇంటే ఈయనకు ఒళ్ళు మండేది. "పడ్తది! ఎందుకు పడదు?" అని మీదికొచ్చేటోడు. హోటల్ చాయ్ ఒక గుక్క తాగి, గిలాస మా అక్క ముంగటికి జరిపి, "ఇంట్ల చాయ్‌కి దీనికి ఫరక్ ఏంది చెప్పు" అనేటోడు. మా అక్క దాని దిక్కు సూడకుంటనే, "గా చాయ్ నేను కాయలే, గదే ఫరక్" అనేది.

ఫరక్ చెప్పుడు షురూ చేసిండంటే ఇగ ఆపెటోడు లేడు. రబ్బరు దాంట్ల టోపీ మనిషి చెట్టు ముంగటికెల్లి నడిస్తే మనిషి గూడ పచ్చగయితడు. నిచ్చెన కాడికి పోతే పసుపుగయితడు. మా దుకాణం లెక్కన చెప్పాలంటే రంగు కారే బట్ట, ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటది. లావు దాంట్ల రంగులు అంటుకోవు, పాట గూడ కమ్మగ వస్తది, గని మనిషి ముఖం ఇటుకలు పేర్చినట్టు మొద్దుగ ఉంటది. అరబ్బీ దాంట్ల రంగులు చమక్కుమంటయి, మనిషి మాత్రం టోపీ నుంచి కాళ్ళ దాంక ఒక్కటే తెలుపు. తెర జరిగినప్పుడల్ల బండి గుంతల పడ్డట్టు ఎగిరి జరుగుతది. ఇవన్ని నాకెట్ల తెలుసు అనుకుంటున్నరు? ఆడింది నేను గాబట్టి.

బావకు ఆడరాదు. చెప్తే నవ్వుతరు, మొదటి నిచ్చెన కాడనే గబ్బిలం తన్ని సస్తడు ఎప్పుడైనా. నేను లంగా ఓణీల ఉన్నప్పుడు, ఆయన సెలవు మీద వచ్చినప్పుడు, "మరదలా, జర నువ్వు నడిపియ్యి" అని కట్టె నా చేతికిచ్చిండు. కట్టె అంటే ఆట ఆడే పుల్ల, కింద డబ్బా మీద నిలవడి ఉంటది. గా దినం పట్టుకున్నది ఇడిస్తే ఒట్టు. పెండ్లయింది, దుకాణం పెట్టినం, ఆయన గల్ఫ్ ఇడిసిపెట్టి పూర్తిగ ఇంటికొచ్చిండు, నా తల నెరిసింది, ఆడేది నేనే. ఒక్కనాడు గూడ ఆఖరి తలుపు దాంక పోనియ్యలే మా బావ.

ఎట్ల పోతం? కోటల ఒక నీళ్ళ బాయి వస్తది. బాయి పైన ఆకాశం, రెండు మబ్బులు. నేను మంచి జోరు మీద ఉంట, చేతిల తాళంచెవులుంటయి, వెనక గబ్బిలాలుంటయి. అప్పుడు నా భుజం మీద వేలుతోని రెండుసార్లు కొట్టేటోడు. "ఆగు పిల్లా. గీడనే ఆగు." ఆగాలె. కండ్లద్దాలు తీసి లుంగీ అంచుతోని తుడిచి, మల్ల పెట్టుకొని, ఆకాశం దిక్కు సూసేటోడు. నాలుకతోని టక్కుమనిపిచ్చేటోడు. తర్వాత ఆ మిషన్ బంద్ చేసి, తీగలు గుంజి, ఇంకో మిషన్‌కు పెట్టి, మల్ల క్యాసెట్ తిప్పి, కీచుమని అరుపు. మల్ల నేను మొదటి నిచ్చెన కాడికెల్లి బాయి దాంక రావాలె. ఎందుకు? గదే ఆకాశం గీ మిషన్ల ఎట్లుంటదో సూడనీకి. నాకు యాష్టకొచ్చి ఎన్నిసార్లు కట్టె నేలకేసి కొట్టిన్నో. "పగలగొట్టు, పగలగొట్టు, నువ్వే అతుకవెడ్తవు" అని నవ్వేటోడు. మరదలి కోపమంటే ఆయనకు సరసం.

ఒకపారి మాత్రం గట్టిగ అడిగిన. "బావా, నాలుగ్గోడల నడుమ కూసొని గా టోపీ మనిషిని సూసుడేంది నువ్వు? సూసి ఏం జేస్తవు?" అన్న. నవ్వలే. తీగలు సుడుతుండు, చేతులు ఆపిండు. "ఆట ఒక్కడే తయారుజేసిండు అనుకో. గని గీ రబ్బరు దాంట్ల పట్టెటట్టు జెయ్యమని ఇంకోనికి చెప్తరు. దీంట్ల జాగ లేదు, రంగులు లేవు, పాట వచ్చే దారి లేదు. వాడు కూసొని ఎంత తిప్పలు పడ్డడో! మబ్బు గియ్యనీకి రాకుంటే సుక్కలు పెట్టిండు సూడు. నేను సూసేది ఆట గాదు పిల్లా, వాని తిప్పలు" అన్నడు. వెంటనే "మా తిప్పలు ఎవరు సూడాలె మరి?" అన్నది అక్క వంటింట్లకెల్లి. బావ మల్ల తీగలు సుట్టుడు షురూ చేసిండు.

ఇగ అసలు ముచ్చట కన్నుది.

రెండేండ్ల కింద, ఒకనాడు పొద్దుగాల దుకాణానికొచ్చిండు బావ. చీరలు పట్టుకొచ్చినోళ్ళు, పిట్లం బస్సు దిగి ఉరికొచ్చినోళ్ళు నిలవడి ఉన్నరు, నడుమ ఈయన. "లావు దాంట్ల ఆకాశం పాడైంది. పాచి వట్టినట్టయింది. టీవీ రంగులు సరి జెయ్యాలె, ఎదురుగ పెట్టుకోనీకి ఒక నీలం ముక్క ఇయ్యి" అన్నడు. ఆనందా బ్లూ ముక్క తీసి ఇచ్చిన. మీకు ఆనందా బ్లూ తెలువదా? చినుకు పడి ఎలిసినంక ఆకాశం ఉంటది సూడున్రి, గది. చేతిల పట్టుకొని తిప్పి తిప్పి సూసి, "ఇది సముద్రపచ్చ" అన్నడు.

"పచ్చ ఏంది బావా, నీలం."

"నాకు చెప్తవా? నలభై ఏండ్ల నుంచి టీవీలు సూసిన నేను."

"నేను ముప్పై ఏండ్ల నుంచి జాకెట్ ముక్కలు చింపుతున్న!"

నిలవడ్డ ఆడోళ్ళు నవ్వుతుండ్రు. ఇంకోటి తీసిన, గదీ పచ్చే అన్నడు. మా దుకాణంల నీలాలన్ని మురిగినయి అన్నడు. ఆఖరికి అర కింద నుంచి తనే ఒకటి గుంజి, "ఇగో! ఇదీ ఆకాశం!" అన్నడు. సూస్తే అది బట్టలకు పెట్టే నీలిమందు రంగు. కండ్లు గుచ్చేటంత ముదురు. నేను ఇంకేం చెప్పినా ఇనకుంట సంకల పెట్టుకొని పోయిండు. గప్పుడన్న నాకు సమజ్ గావాలె. గాలే. ముసలోడు జిద్దు పడుతుండు అనుకున్న.

రెండు దినాలకు అక్క ఫోన్. "వచ్చి నీ బావను సూడు. టీవీ ఎనక డబ్బా ఇప్పి ఏం తిప్పిండో, మనుషులంత నీలమైన్రు. వార్తలు చదివే పిల్ల పాము కరిచినట్టున్నది" అన్నది. పోయిన. నిజమే. టీవీ మొత్తం నీలిమందు నీళ్ళల్ల ముంచి తీసినట్టున్నది. బావ ముంగట కూసొని, గా ముక్క ఒళ్ళ పెట్టుకొని, "ఇప్పుడు సరైంది" అంటుండు. ఆయన ముఖం మంచిగ ఎలుగుల సూసిన నేను. కంటి నల్లగుడ్డు నడుమ తెల్లగ మసక. రెండు కండ్లల్ల. టీవీ మంచిగనే ఉన్నది, మా బావ కండ్లకు పొర వచ్చింది. మోతిబిందు. కండ్లకు వచ్చిన రోగానికి టీవీకి మందు వేసిండు మా బావ.

తిట్టి, తోలుకొని, నిజామాబాద్ కండ్ల దవాఖానకు తీస్కపోయినం. ముందుగాల కుడి కన్ను చేస్తం, అది మానినంక ఎడమది అన్నడు డాక్టర్ సాబ్. కుడిది అయింది. ఆపరేషన్ అయి కారుల వాపస్ వస్తుంటే, ఇంత మంచి పని ఉండదని డాక్టర్‌ను పొగిడి పొగిడి, "నేను పోయినంక నా కండ్లు ఇయ్యున్రి ఎవరికన్న" అన్నడు అక్కతోని. "గా మాటలు ఇప్పుడు అవసరమా?" అని అక్క కసిరింది.

పట్టీ తీసి, సుక్కల మందు ఏసుకుంట, కొన్ని దినాలకు టీవీ ముంగట కూసున్నడు. నేను ఆడిన, లావు దాంట్ల. బాయి తెర వచ్చింది. బావ చెయ్యితోని కుడి కన్ను మూసుకున్నడు. తీసిండు. ఎడమ కన్ను మూసుకున్నడు.

"ఎవడు దీన్ని గిట్ల నీలం జేసింది?"

"నువ్వే!" అని అక్క, నేను ఒక్కసారే అన్నం.

ఆయన లేసి, టీవీ ఎనక డబ్బా ఇప్పి, ఎప్పటి తీరు చేసి వచ్చి కూసున్నడు. మల్ల ఒక కన్ను, మల్ల ఇంకో కన్ను. "కొన్నేండ్ల నుంచి గీ లావు దాని ఆట తయారుజేసినోన్ని తిడుతున్న. వానికి ఆకాశం రంగు తెల్వదని, పాచి పోసిండని. ఉత్తగనే తిట్టిన వాన్ని" అన్నడు. ఆ మనిషి ఎవరో, ఏ దేశమో, బతికున్నడో లేడో. వాడే ఎదురుంగ నిలవడ్డట్టు బాధపడ్డడు మా బావ. నేను అనుకున్న, మంచిగయింది, ఇగ ఎడమ కన్నుకు గూడ దబ్బున ఉరుకుతడని.

దినాలు పోతున్నయి. దవాఖాన నుంచి ఫోన్ వస్తుంది. ఈయన పోతలేడు.

"ఎందుకు పోవు?" అంటే, "గీ కన్ను ఉండనీ" అన్నడు. "ఇన్నేండ్లు నేను చెప్పిన ఫరక్‌ల, మిషన్ది ఎంత, నా కంటిది ఎంత? తెలువాలె గదా. గీ కంటి పొర తీపిస్తే దేనితోని తెలుసుకోవాలె?" అన్నడు. మూడు మిషన్లు, రెండు కండ్లు. ఆయన లెక్కల ఇప్పుడు ఆరు ఆటలైనయి. చిన్న పోరనికి కొత్త బొమ్మ దొరికినట్టు సంబురం.

మా అక్క సంబురం సూడాలె. ఎడమ దిక్కుకెల్లి ఏమొచ్చినా సరిగ కనవడకపోవు ఆయనకు. గేటుకు స్కూటర్ గుద్దిండు. అన్నం పళ్ళెంల ఎడమ దిక్కున్న కూర అట్లనే ఇడిసిపెట్టి, కూర ఎయ్యలేదని అలిగిండు. మెట్టు దప్పి పడి మోకాలు వాచింది. "లేటు చేస్తే పొర గట్టివడ్తది, పని కష్టమైతది" అని డాక్టర్ సాబ్ నాతోని ఫోన్ల చెప్పిండు, నేను అక్షరం పోకుంట ఈయనకు చెప్పిన. "గట్టివడ్తే రంగు ఇంకెట్ల మారుతదో" అన్నడు! గోడకు తల కొట్టుకోవాలనిపియ్యదా? అక్క ఒకనాడు ఆయన కాళ్ళు పట్టుకున్నది, నా ముంగటనే. "నువ్వు యాడ పడ్తవో అని నేను కూరగాయలకు గూడ బయటికి పోతలేను" అని ఏడ్చింది. బావ పరేషాన్ అయ్యిండు, అక్కను లేపిండు, "చేపిచ్చుకుంట, చేపిచ్చుకుంట" అన్నడు. చేపిచ్చుకోలే.

గప్పుడు నేను బేరం పెట్టిన. "బావా, నీ పాత కన్నుతోని ఏమేం సూడాలెనో సూడు. నేనే ఆడుత. పగటీలి ఎండకు దుకాణంల గిరాకి ఉండదు, రోజు వస్త. అన్ని సూసినంక ఆపరేషన్‌కు పోవాలె. నా మీద ఒట్టు పెట్టు." నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. అక్క కండ్లు తుడుసుకున్నది.

ఎన్ని పగటీళ్ళో ఆడిన. మా ఆయన దుకాణంల ఒక్కడే కూసొని ఫాల్సు మలుసుకుంట "ఇంత వయసుల మీకేం ఆటలు" అని గొణుగుతుండు. ఆడేటప్పుడు కరెంటు పోవుడు. రబ్బరు దాని కీ ఒకటి లోపటికి పోయి రాకపోవుడు. అరబ్బీ దాని క్యాసెట్ టేపు నలిగి చిక్కుపడుడు, పెన్సిల్ పెట్టి సుట్టుడు. అన్ని ఓర్సుకున్న. ఓర్వలేనిది ఒకటే, ఆ వేలు. బాయి కాడికి వస్తనే భుజం మీద రెండుసార్లు. "ఆగు. నిన్న సూసింది యాదికి లేదు, ఒక్కసారి రబ్బరుది పెడ్దాం." నిన్న అయిపోయిందనుకున్న మిషన్ ఇయ్యాల మల్ల మొదటికొస్తది. నాకు సమజైంది, ఈయన ఫరక్ సూస్తలేడు, తారీఖు జరుపుతుండు. పాత కన్ను ఇడువబుద్ధి అయితలేదు.

ఒకనాడు ఆగలే నేను. అరబ్బీది నడుస్తుంది. బాయి వచ్చింది, భుజం మీద వేలు పడ్డది. "ఊకో బావా!" అని దుంకిచ్చిన టోపీ మనిషిని. "ఏయ్ పిల్లా, ఆగు, ఆగు" అని మొత్తుకుంటుండు. "ఆగ! ఇయ్యాల తలుపు తీసుడే!" అన్న. అక్క వంటింట్లకెల్లి ఉరికొచ్చి, "తియ్యే, తీసెయ్యి!" అని చెయ్యిల గంటె పట్టుకొని నా ఎనక నిలవడ్డది. నా జిందగిల ఎన్నడు సూడని తెరలు వచ్చినయి, నిప్పులు వచ్చినయి, రెండుసార్లు సచ్చేది బతికిన. ఆఖరి తలుపు. తాళంచెవి పెట్టిన. తలుపు తెరుసుకున్నది.

లోపల ఏం లేదు. నల్లటి తెర మీద ఒక తెల్లటి గీత, దాని కింద అరబ్బీల ఒక్క వరస అచ్చరాలు. అంతట్లనే మల్ల మొదటి నిచ్చెన, మొదటి గబ్బిలం. "గింతేనా?" అన్నది అక్క. నేను చెమటలు తుడుసుకుంటున్న. బావ దిక్కు సూసిన, కోపానికొస్తడని. ముఖం ఎలిగిపోతుంది. "ఆగున్రి. మిగిలిన రెండిట్ల తలుపెనక ఏముంటదో!" అన్నడు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "బావా, నీకు దండం. సోమవారం నిజామాబాద్ పోతున్నం. పొర తీపిచ్చుకొని కొత్త కన్నుతోని సూద్దువు తలుపులన్ని. రాకుంటే ఇగ నేను ఈ ఇంటి గడప తొక్క, కట్టె ముట్ట. అక్క నాతోని వస్తది, నువ్వు, నీ గబ్బిలాలు ఉండున్రి ఈడ" అన్న. నా గొంతుల ఏమున్నదో, ఆయన కండ్లద్దాలు తీసి లుంగీ అంచుతోని తుడిచిండు. "తీసిన పొర నాకు ఇస్తరా?" అని అడిగిండు, చాన చిన్నగ.

నేను గదీ అడిగిన. నిజంగ దవాఖానకు ఫోన్ చేసి అడిగిన. ముక్కలు చేసి లోపలనే పీల్సుకుంటరమ్మా, ఇయ్యనీకి ఏం మిగలదు అన్నరు. బావకు చెప్పిన. "మిగలదా" అన్నడు. తర్వాత చాన సేపు కుడి కన్ను మూసుకొని ఎడమ కన్నుతోని ఇల్లంత సూసిండు. గోడలు సూసిండు, అక్కను సూసిండు, నన్ను సూసిండు. "మీరందరు గీ కంట్ల జర ఎండ పడ్డట్టు, పసుపుగ మంచిగుంటరు" అన్నడు. "సోమవారం నుంచి ఉన్నట్టే సూడు మమ్మల్ని" అన్న నేను. సరే అన్నడు. నిజంగనే సరే అన్నడు, ఈసారి. అక్క సంచిల బట్టలు గూడ సర్దింది.

శుక్రవారం పగటీలి, కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. గుండె. అక్క చాయ్ తెచ్చి పిలిస్తే పలుకలే. నేను దుకాణం కాడికెల్లి ఉరికొచ్చేసరికి టీవీ నడుస్తుంది, తెర మీద ఏ బొమ్మా లేదు.

ఇల్లంత మనుషులు నిండిన్రు. అక్క ఏడ్సుకుంటనే నా చెయ్యి పట్టుకొని, "కండ్లు ఇయ్యిమన్నడు గదా ఆయన, ఫోన్ చెయ్యి" అన్నది. చేసిన. నిజామాబాద్ కెల్లి ఇద్దరు దవాఖాన పిల్లగాండ్లు ఐసు డబ్బా పట్టుకొని పొద్దు గూకకముందే వచ్చిన్రు. వాళ్ళు లోపటికి పోతుంటే నేను అడ్డం పోయిన. "తమ్మీ, కుడిది మంచిది. ఎడమదాంట్ల పొర ఉన్నది. సోమవారం తీపిచ్చుడు ఉండె. అది పనికొస్తదో రాదో" అన్న.

ఆ పిల్లగాడు నిమ్మళంగ చెప్పిండు. "రెండూ పనికొస్తయక్కా. మేం తీసేది కంటి మీద ముంగట ఉండే అద్దం, పలుచగ ఉంటది. పొర లోపల ఉంటది, దాన్ని మేం ముట్టం. అది ఆయనతోనే పోతది. రెండు అద్దాలు ఇద్దరికి పెడ్తరు."

"ఎవరికి?"

"అది చెప్పద్దక్కా. మాకు గూడ తెల్వదు."

ఊరన్న చెప్పు అన్న. చెప్పద్దంట. ఆడోళ్ళా, మొగోళ్ళా అన్న. చెప్పద్దంట. అక్క నన్ను పక్కకు గుంజింది.

ఇప్పుడు చెప్పున్రి, కోపం ఉండదా నాకు? రెండు కండ్లు ఊరికే ఇచ్చిన మనిషి, ఆ పొర ఒక్కటి ఇడువలే. మేమెంత మొత్తుకున్నా ఇడువలే. మేము పసుపుగ, ఎండ పడ్డట్టు కనవడే గా పొరను కంట్లనే పెట్టుకొని కాష్టం మీద పండుకున్నడు. యాడనో ఒక మనిషి ఇయ్యాల మా బావ ఎడమకన్ను అద్దంలకెల్లి తలెత్తి ఆకాశం సూస్తుండొచ్చు. ఆ మనిషికి అది పచ్చగ కనవడదు, పాచి లెక్క కనవడదు. నీలంగ కనవడ్తది. నీలమే బావా. దుకాణంల అందరి ముంగట నేను నీకు చెప్పింది గదే గదా.